పది గంటలకు సముద్రం

ఆదివారం ఉదయం పది గంటలకు మంత్రిగారు సముద్రతీరాన్ని ప్రజలకు అంకితం చేశారు. ఆ సమయానికి ప్రజలు పోలీసులు కట్టిన తాడు బయట ఉన్నారు. సముద్రం అక్కడ లేదు.

ప్రజల్లో ఒక విలేకరి, అతని భార్య, ఏడేళ్ళ కూతురు ఉన్నారు. విలేకరి సెలవులో ఉన్నాడు. కూతురు సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదు. అల వచ్చి కాళ్ళ మీద పడేటప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని నిలబడాలని ఆ పిల్ల కోరిక. అలాగేనని అతను మాటిచ్చి చాలాకాలమైంది. మాటిచ్చిన దగ్గర్నుంచి ప్రతి సెలవునాడూ ఎవరో ఒక మంత్రిగారు ఏదో ఒకటి ప్రారంభిస్తూ వచ్చారు.

ఈ తీరం గురించి శనివారం పేపర్లో రాసింది అతనే. పాదాలను ముద్దాడే అలలని, కుటుంబసమేతంగా సేదదీరేందుకు ఇంతకు మించిన చోటు లేదని రాశాడు. తీరాన్ని చూసి రాయలేదు. పర్యాటక శాఖవారి ప్రెస్‌నోట్ చూసి రాశాడు. ప్రెస్‌నోట్‌లో అలలని మాత్రమే ఉంది. ముద్దాడించింది అతను.

"ఏవండీ, ఆ ముద్దాడేవి ఎక్కడున్నాయి?" అంది భార్య.

చూపు ఆనినంత మేర బురద ఉంది. బురదకి అవతల ఒక గీత కనిపిస్తోంది. అదే సముద్రమని తాడు దగ్గరున్న కానిస్టేబుల్ చెప్పాడు.

"తెల్లవారుజామున ఇక్కడే ఉంది సార్. తర్వాత వెళ్ళిపోయింది."

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"మధ్యాహ్నం దాటాక వచ్చేస్తుంది. రోజూ దానికి ఇదే పని."

కార్యక్రమం వేళ నిర్ణయించే ముందు పర్యాటక శాఖ అధికారి అందరినీ సంప్రదించారు. మంత్రిగారి పీఏని అడిగారు. స్టేజీ కట్టేవాళ్ళని అడిగారు. టీవీ ఛానెళ్ళని అడిగారు. సముద్రం సంగతి ఎవరినీ అడగలేదు. అది ఎలాగూ ఉంటుందనుకున్నారు.

మంత్రిగారు స్టేజీ దిగి ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచారు. అలల్లో నిలబడి ఫోటో దిగడం కార్యక్రమంలో చివరి అంశం. ఆయన బురదకేసి చూసి, అధికారికేసి చూశారు.

"సముద్రం ఏదయ్యా?"

"ఆన్ ది వే సార్."

"పోనీ మనమే వెళ్దామా?"

"దిగబడిపోతాం సార్. నిన్న మా ఇంజనీరు వెళ్ళాడు. ఆయన వచ్చాడుగానీ చెప్పులు ఇంకా రాలేదు."

మంత్రిగారు ఎవరినీ ఒక్కమాట అనలేదు. కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు. మడిచిన ప్యాంటు విప్పలేదు. ప్రజల కోసం అంతసేపు ఆ స్థితిలో కూర్చున్న నాయకుణ్ణి విలేకరి తన ఉద్యోగంలో చూసి ఉండలేదు.

ఈలోగా పొక్లెయిన్ వచ్చి స్టేజీకి ఎదురుగా గొయ్యి తవ్వింది. గోతిలో టార్పాలిన్ పరిచారు. ఫైరింజన్ వచ్చి నీళ్ళు నింపింది. అలలు లేవని ఫోటోగ్రాఫర్ అభ్యంతరం చెప్పాడు. అధికారి ఇద్దరు గుమాస్తాలను గోతికి అటు చివర దింపి, చెక్కబల్లతో నీళ్ళు నెట్టమన్నారు.

"ఉప్పు వెయ్యాలా సార్?" అని ఒక గుమాస్తా అడిగాడు.

"ఫోటోలో రుచి పడదు. నువ్వు నెట్టు."

మంత్రిగారు గోతిలోకి దిగారు. గుమాస్తాలు నెట్టారు. అల వచ్చి మంత్రిగారి పాదాలను తాకింది. ముద్దాడిందని కూడా అనవచ్చు.

"నాన్నా, సముద్రమంటే అదేనా?" అంది కూతురు.

"కాదు తల్లీ. అది ప్రారంభోత్సవం. సముద్రం వేరే ఉంది."

"మీ నాన్న రాసింది దీని గురించేనే," అంది భార్య. "టార్పాలిన్ ఒక్కటీ మర్చిపోయారు."

మంత్రిగారి కార్లు వెళ్ళిపోయాయి. వాటి వెనక అధికారులు, వాళ్ళ వెనక ఛానెళ్ళు, ఆ వెనక మిగతా జనం వెళ్ళారు. కానిస్టేబుల్ తాడు విప్పి భోజనానికి వెళ్ళాడు. అప్పుడు సముద్రం వచ్చింది. స్వాగతం చెప్పడానికి ఎవరూ లేరు. కూతురు చెప్పులు విడిచి నాన్న చెయ్యి పట్టుకుంది. ఫోన్ మోగింది. ఎడిటర్.

"అక్కడే ఉన్నావటగా?"

"సెలవులో ఉన్నాను సార్. పాపతో వచ్చాను."

"సెలవు నీకుగానీ నీ కళ్ళకి కాదుగా. పది లైన్లు కొట్టి పంపు. పక్క పేపరువాళ్ళు వెబ్‌సైట్లో పెట్టేశారు."

"చూసింది రాయనా సార్?"

ఎడిటర్ నవ్వాడు. "సెలవిస్తే జోకులు కూడా వేస్తున్నావే. ప్రెస్‌నోట్ పంపిస్తున్నా. ఒక పర్యాటకుడి అభిప్రాయం చేర్చు."

విలేకరి కూతురి చెయ్యి వదిలాడు. "ఐదు నిమిషాలమ్మా."

"రావే, మనిద్దరం వెళ్దాం," అంది భార్య.

"నాన్నతోనే," అని పిల్ల అతనికి ఎదురుగా ఇసుకలో కూర్చుంది.

వార్త సాఫీగా నడిచింది. పర్యాటకుడి అభిప్రాయం దగ్గర ఆగింది. విలేకరి చుట్టూ చూశాడు. ఫైరింజన్ మనుషులు పైపు చుడుతున్నారు. తీరంలో ఉన్న పర్యాటకుడు అతనొక్కడే. తనను తానే అడిగి చూశాడు. వచ్చిన జవాబు అచ్చుకు పనికిరాదు. కొట్టేసి మళ్ళీ రాశాడు: కూతురితో కలిసి అలల్లో ఆడుకున్నానని, ఈ ఆనందం మంత్రిగారి చలవేనని ఒక పర్యాటకుడు చెప్పారు. "కూతురితో" అన్న చోట ఆగి పిల్లకేసి చూశాడు. "చిన్నారి కూతురితో" అని మార్చాడు. పంపాడు.

తలెత్తేసరికి కానిస్టేబుల్ మళ్ళీ తాడు కడుతున్నాడు.

"గొయ్యి పూడ్చేదాకా ఎవరినీ ఉండనివ్వద్దన్నారు సార్. రేపు పూడుస్తారు. ఈలోగా పిల్లలెవరైనా పడితే మంత్రిగారికి చెడ్డపేరు."

"ఒక్క నిమిషం. పాప కాళ్ళు తడుపుకుని వచ్చేస్తాం. నేను ప్రెస్."

"ఆ ముక్క ముందే చెప్పాలి కద సార్. ప్రెస్ వాళ్ళకి రోడ్డవతల టెంటులో భోజనాలు. త్వరగా వెళ్ళండి, అయిపోతాయి."

భార్య పిల్ల పాదాలకంటిన ఇసుక దులిపి చెప్పులు తొడిగింది. ముగ్గురూ బస్సెక్కారు.

మర్నాడు వార్త మూడో పేజీలో వచ్చింది. ఫోటోలో గోతి అంచులు కత్తిరించారు. భార్య దాన్ని చివరి లైను దాకా పైకి చదివింది. టిఫిన్ తింటున్న కూతురు తినడం ఆపింది.

"ఆ పాపని వాళ్ళ నాన్న ఎక్కడికి తీసుకెళ్ళాడమ్మా? మనం కూడా అక్కడికే వెళ్దాం."

"మీ నాన్ననడుగు. వాళ్ళు ఆయనకి బాగా తెలిసినవాళ్ళే."

పిల్ల పేపరు పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. "నాన్నా," అని పిలిచింది. విలేకరి అప్పటికే మెట్లు దిగి రోడ్డెక్కాడు. దీనిపై స్పందించేందుకు అతను అందుబాటులోకి రాలేదు.