అసలు ఖాతాల డైరెక్టరీ

దేశంలో ఏ యూనివర్సిటీ తలపెట్టని మహాకార్యాన్ని తాను తలకెత్తుకున్నానని వీసీగారు మైకు ముందు ప్రకటించారు. యూనివర్సిటీ పేరుతో సోషల్ మీడియాలో తిరుగుతున్న ఖాతాలన్నిటికీ ఒక డైరెక్టరీ. అందులో ఉన్నది అసలు, లేనిది నకిలీ. హాస్టల్లో నీళ్లు రావడం లేదని బయట అరుస్తున్న పిల్లలు కూడా ఒక్క క్షణం ఆగి విన్నారు. నీళ్ల మాట లేకపోయేసరికి మళ్ళీ మొదలెట్టారు.

బాధ్యత ఇన్‌ఛార్జి పీఆర్వోగారి నెత్తిన పడింది. ఆయన ఏళ్ల తరబడి ఇన్‌ఛార్జే. కుర్చీ ఆయనదే, సంతకం ఆయనదే, ముందున్న ఆ ముక్క మాత్రం జిడ్డులా వదల్లేదు. అత్తగారైతే చుట్టాలకి "మా ఇన్‌ఛార్జి అల్లుడు" అనే పరిచయం చేస్తుంది.

"ఒక్క తప్పు లేకుండా డైరెక్టరీ తేవయ్యా, ఆ ముక్క నేనే చెరిపేస్తా. తప్పొచ్చిందా, మళ్ళీ జవాబు పత్రాల గోడౌనుకే" అన్నారు వీసీగారు.

పీఆర్వోగారు మేధావి. ఏది అసలో ఏది నకిలీయో ఊరంతా తిరిగి విచారించడమెందుకు, ఖాతానే అడిగితే పోలా? అన్నిటికీ ఒకే మెసేజ్ పెట్టారు: "మీరు అసలువారేనా? వారంలోగా జవాబివ్వనిచో నకిలీగా పరిగణించబడుదురు."

నకిలీలన్నీ అరగంటలో జవాబిచ్చాయి. మర్యాదగా, లెటర్‌హెడ్ మీద, కొన్నయితే ముద్ర కూడా కొట్టి. డిపార్ట్‌మెంట్ల ఖాతాలు ఒక్కటీ పలకలేదు. ఫిజిక్స్ వారి పాస్‌వర్డ్ రిటైరైన గుమాస్తాతోపాటే వెళ్లిపోయింది. లైబ్రరీ వారికి ఖాతా ఉన్న సంగతే ఆ రోజు తెలిసింది.

క్లర్కు నసిగాడు. "సార్, వీసీగారి పేరుతో రెండున్నాయి. ఒకటి ఉలకదు పలకదు. రెండోది మాత్రం 'అవును నాయనా, నేనే' అంది."

"ఆ పలకనిదాంట్లో ఏముంది?"

"ఆయన ఫొటోలే సార్. రిబ్బన్లు కత్తిరిస్తున్నవి."

"ఫొటోలు ఎవడైనా పెడతాడయ్యా. జవాబు ముఖ్యం. తీసెయ్."

వీసీగారు డైరెక్టరీని ఘనంగా ఆవిష్కరించారు. తెరిచి చూడలేదు. చూడకూడదని రూలేం లేదు, అలవాటు లేదంతే.

మర్నాడు పొద్దున్నే డైరెక్టరీలోని మొట్టమొదటి ఖాతా ఒక ప్రకటన చేసింది: "హాస్టల్లో నీళ్లివ్వలేకపోయినందుకు నైతిక బాధ్యత వహించి రాజీనామా చేస్తున్నాను. ఇట్లు, వీసీ."

వీసీగారు చొక్కా గుండీలు పెట్టుకుంటూనే పీఆర్వోగారి ఆఫీసుకొచ్చారు. "ఎవడి పనయ్యా ఇది? తీయించు."

"తీయిద్దాం సార్. అసలు ఖాతా నుంచి ఒక్క విన్నపం రావాలి. ఆ రూలు మీద సంతకం మీరే పెట్టారు."

"నేనే చెబుతున్నాను కదయ్యా."

"నోటిమాట చెల్లదు సార్."

"అయితే దాన్నే అడిగి చావు."

అడిగారు. జవాబు వెంటనే వచ్చింది: "తీయను. ఇట్లు, వీసీ."

పీఆర్వోగారు దాన్ని ప్రింటు తీసి, ఫైల్లో పెట్టి, వినయంగా ఆయన ముందుంచారు. "మీరు ఒప్పుకోవడం లేదు సార్."

మధ్యాహ్నానికి మంత్రిగారి ఖాతా రాజీనామాను ఆమోదించింది, కింద దండం బొమ్మ పెట్టి. ఆ ఖాతా అసలుదో కాదో చూడాల్సిన పని పీఆర్వోగారికి లేదు. మంత్రులు ఆయన డైరెక్టరీలోకి రారు. డ్రైవరు కారు తాళాలు ఆఫీసులో అప్పజెప్పేశాడు. వీసీగారు గేటు దాకా నడిచే వెళ్లారు.

సాయంత్రం ఆ వీసీ ఖాతా నుంచే ఆఖరి ఉత్తర్వు వెలువడింది. పీఆర్వోగారు ఇంటికెళ్లి, చెప్పులు విడవకుండానే ఫోను భార్య చేతికిచ్చారు. ఆవిడ చదివి, లోపలికి కేకేసింది.

"అమ్మా, నీ అల్లుణ్ణి వీసీని చేశారే."

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని, వేలితో ఒక్కో అక్షరమూ కూడబలుక్కుంటూ చదివింది.

"ఇన్‌ఛార్జి... వీసీ."

కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"పోన్లే అమ్మాయ్, చుట్టాలకి మళ్ళీ కొత్తగా చెప్పుకునే పన్లేదు."