బానెట్ మీద పెద్దాయన

"ఇకమీదట ప్రభుత్వం ఒక్క కొత్త కారు కూడా కొనదు. ఉన్న పాత కార్లే నడుస్తాయి. నడవకపోతే నడిపిస్తాం!"

రవాణా మంత్రిగారు ఈ చారిత్రక ప్రకటన చేయగానే హాలు దద్దరిల్లింది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవాడు బోల్టుగారు. పాత కార్ల విడిభాగాలు అమ్మే కొట్టు ఊరు మొత్తానికీ ఆయనదొక్కటే. ఎదురుపడినవాడికి నమస్కారం పెట్టినా అది ఎన్నాళ్లకి తిరిగొస్తుందో లెక్కేసుకుని పెట్టే మనిషి. అలాంటివాడు ఊరికే చేతులు నొప్పి పుట్టించుకోడు.

ఆయన లెక్క తప్పలేదు. ప్రభుత్వ పాత కార్లన్నిటికీ విడిభాగాలు సరఫరా చేసే ఆర్డరు ఆయనకే ఖాయమైంది. పొదుపు యాత్ర ముగింపు సభలో మంత్రిగారి చేతుల మీదుగా ఆ కాగితం అందుకోవడమే తరువాయి.

యాత్ర అంటే మరేం కాదు. పార్టీని స్థాపించిన పెద్దాయన కారు ఒకటి ఆయన పోయినప్పటి నుంచీ ఆఫీసు షెడ్డులో దుమ్ము తింటోంది. దాన్ని బాగుచేయించి, మంత్రిగారు స్వయంగా నడుపుకుంటూ సభకు వెళ్తారు. కావలసిన సామానంతా బోల్టుగారు విరాళంగా ఇచ్చాడు. విరాళం అనగానే ఆయన చెయ్యి అలవాటు కొద్దీ వెనక అరలోకి వెళ్లింది. ముందు అర సరుకు డబ్బిచ్చేవాళ్లకి.

యాత్రరోజు కారు కొత్త రంగుతో మెరిసిపోయింది. బానెట్ మీద పెద్దాయన పటం పరిచి, తాళ్లు బంపరు కిందనుంచి తిప్పి బిగించారు. పెద్దాయన ఆకాశంవైపు చూస్తూ నవ్వుతున్నాడు.

మంత్రిగారు ఎక్కి తాళం తిప్పారు. కారు దగ్గింది. ఆక్సిలరేటర్ టపటపా తొక్కారు. మళ్లీ దగ్గి ఊరుకుంది. పెట్రోలు వాసన గుప్పుమంది.

"అయ్యా, అలా తొక్కకండి" అన్నాడు ఆఫీసు డ్రైవరు. "తొక్కినకొద్దీ పెట్రోలు పోటెత్తుతుంది. ఇంజను ఇప్పటికే పీకల్దాకా తాగుంది."

"తొక్కకుండా పైకొచ్చిన వాడెవడయ్యా?" అన్నారు మంత్రిగారు. ఆయన అనుభవం అలాంటిది.

అంతటి నాయకుడు తొక్కాక మిగతావాళ్లు ఊరుకుంటే అవిధేయత అవుతుంది. పార్టీ అధ్యక్షుడు తొక్కాడు. ప్రధాన కార్యదర్శి తొక్కాడు. తనని పిలవలేదని మహిళా విభాగం అధ్యక్షురాలు అలిగితే, ఆవిడకి రెండుసార్లు అవకాశం ఇచ్చారు. కారు కింద పెట్రోలు చుక్కలు చుక్కలుగా కారింది.

"ఇది ప్రతిపక్షం కుట్ర" అని తేల్చారు మంత్రిగారు.

"కుట్ర కాదయ్యా, కార్బురేటర్ పొంగుతోంది" అన్నాడు డ్రైవరు. "లోపల చిన్న గిన్నె ఉంటుంది. అందులో ఇత్తడి బుడ్డి తేలుతుంటుంది. గిన్నె నిండగానే బుడ్డి పైకి లేచి, పెట్రోలు వచ్చే దారి మూసేస్తుంది. బుడ్డికి చిల్లు పడితే మునుగుతుంది, దారి మూసుకోదు. బానెట్ ఎత్తితే నిమిషంలో చూసేస్తాను."

బోల్టుగారి చెవిలో బావమరిది గొణిగాడు. "బావా, ఆ బుడ్డి మనదే."

"తెలుసు."

"పాతదాని చిల్లుకి మాటు వేసి, మెరుగుపెట్టి, కొత్త డబ్బాలో..."

"తెలుసన్నానా! డబ్బా ఎప్పుడో పారేసుంటారులే."

"బుడ్డి మీద కూడా మన కొట్టు ముద్ర ఉంది బావా. ప్రచారానికి పనికొస్తుందని నువ్వే కొట్టమన్నావు."

బోల్టుగారికి ఆర్డరు కాగితం కళ్ల ముందే రెక్కలు తొడుక్కున్నట్టయింది. డ్రైవరు అప్పటికే తాడు ముడి మీద చెయ్యేశాడు.

"ఆగు!" అని బోల్టుగారు పెట్టిన కేకకి మంత్రిగారు కూడా ఉలిక్కిపడ్డారు. "ఎవర్ని దించుతున్నావో తెలుసా? పెద్దాయన్ని!"

అంతా గతుక్కుమన్నారు. అంతవరకూ అది పటమే.

"దించడం కాదండీ, కాసేపు పక్కన పెట్టడం" అని సర్దబోయాడు మంత్రిగారి పీఏ.

"బతికుండగా పక్కన పెట్టింది చాల్లేదా?" అన్నాడు గుంపులో ఒక ముసలి కార్యకర్త. అతన్ని మంచినీళ్లు తాగమని పంపించారు.

"పోనీ బంపరు దగ్గర తాళ్లు వదులు చేసి, పటంతో సహా బానెట్ ఎత్తేద్దాం" అన్నాడు డ్రైవరు.

అధ్యక్షుడు ఒకసారి చేతులతో బానెట్ ఎత్తినట్టు ఊహించి చూసుకున్నాడు. "వద్దు. ఎత్తితే పెద్దాయన మొహం మంత్రిగారి వైపు, వీపు జనం వైపు. రేపు పేపర్లో ఆ ఫొటో తప్ప ఇంకేదీ ఉండదు."

అక్కడికక్కడే, కారు నీడలోనే కార్యవర్గం సమావేశమై ఏకగ్రీవంగా తీర్మానించింది: పెద్దాయనని ముట్టరాదు, కారు మాత్రం కదలవలెను.

గండం గడిచిన ఉత్సాహంలో బోల్టుగారు ఉపాయం కూడా చెప్పాడు. "కాసేపు ఎవరూ ఏమీ చెయ్యకండి. లోపల తడి ఆరుతుంది. తర్వాత ఆక్సిలరేటర్ అడుగంటా తొక్కి, వదలకుండా అలాగే పట్టి తాళం తిప్పండి."

ఏమీ చెయ్యకుండా ఉండటంలో కార్యవర్గానికి ఎంతో అనుభవం ఉంది. తర్వాత మంత్రిగారు చెప్పినట్టే తొక్కిపట్టారు. కారు నల్లటి పొగ కక్కి, గర్జించి, కదిలింది. జేజేలు మిన్నంటాయి. మొదటి కూడలి దాకా వెళ్లి, సరిగ్గా నడిమధ్యలో మళ్లీ చచ్చింది.

డ్రైవరు తాడు వైపు చూశాడు. అది చూసి బోల్టుగారు పరుగున వెళ్లి కారు వెనక భుజం ఆనించాడు. "తొయ్యండ్రా! పెద్దాయన కోసం తొయ్యండి!" జనం విరగబడి తోశారు. పీఏ ఫొటోగ్రాఫర్లని కేకేశాడు. మంత్రిగారు కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, ఇంజను బాగున్నా ఇంత మైలేజీ రాదని గ్రహించారు.

సభలో ఆయన మైకుని రెండు చేతులా పట్టుకున్నారు. "ఈవేళ నా కళ్లు తెరుచుకున్నాయి. పెద్దాయన ముందుండి, ప్రజలు వెనకుంటే చాలు. మధ్యలో ఇంజను ఒక లెక్కా? అందుకే ప్రభుత్వ కార్లన్నిటి బానెట్ల మీదా పెద్దాయన పటాన్ని శాశ్వతంగా వెల్డింగ్ చేయిస్తున్నాం. ఆ పని మా అల్లుడు నామమాత్రపు ధరకి ఒప్పుకున్నాడు. నేటి నుంచి బానెట్ ఎత్తినవాడికి జైలు!"

బోల్టుగారు అందరికన్నా గట్టిగా చప్పట్లు మొదలెట్టాడు. మూడోసారి కొట్టబోతుంటే చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

పీఏ ఆర్డరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంటున్నాడు.

"అయ్యా, అది..." అన్నాడు బోల్టుగారు.

"బానెట్టే ఎత్తనప్పుడు విడిభాగాలెందుకండీ?" అన్నాడు పీఏ మర్యాదగా.

"ఈ మహత్తర ఆలోచనకి మూలపురుషుడు మన బోల్టుగారు!" మంత్రిగారు ఆయన్ని లాగి కావలించుకున్నారు. "ఆయన్ని పటాల పరిరక్షణ సంఘానికి గౌరవ అధ్యక్షుడిగా నియమిస్తున్నాను. జీతం ఇచ్చి ఆయన భక్తిని అవమానించను. ఈ కారు మాత్రం ఆయనదే. రోజూ ఇందులోనే తిరగాలి!"

సభ ముగిసింది. మంత్రిగారు వేదిక వెనక దాచిన కొత్త కారులో వెళ్లిపోయారు. అల్లుడు అప్పటికే పెద్దాయన్ని వెల్డింగ్ చేసేశాడు. బోల్టుగారు స్టీరింగ్ పట్టుకుని కూర్చుని, పోయేదీ వచ్చేదీ కూడి చూసుకున్నాడు. పక్క కిటికీలోకి బావమరిది తలపెట్టాడు.

"దిగులెందుకు బావా! మన కొట్టు దాకా దారంతా పల్లమే. ఇంజను అక్కర్లేదు. ఒక్క తోపు తోస్తే అదే జారుకుంటూ పోతుంది" అంటూ తోసి, పరుగెత్తుకొచ్చి పక్క సీట్లోకి దూకాడు.

కారు హాయిగా వేగం అందుకుంది. బోల్టుగారి కాలు బ్రేకు మీదికి వెళుతూ ఆగింది.

"ఒరే, ఈ బ్రేకులు ఎక్కడివిరా?"

"మనవే బావా."