మోకాలి చిప్ప మీద చీమలు

మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి, ఆపరేషన్ అయిన నా మోకాలి చిప్ప మీద చీమలు బారులు తీరి నడుస్తున్నాయి.

"సూర్యావతీ!" అని కేక పెట్టాను. టీవీలో సీరియల్ వదిలేసి వచ్చిందంటే ఆ కేక ఎలాంటిదో మీరే ఊహించుకోండి.

మా ఆవిడ చీమల్ని చూసింది. నన్ను చూసింది. మళ్ళీ చీమల్ని చూసింది. "పాత కాలికైతే చెదలు పట్టిందనుకోవచ్చు. కొత్తదానికి చీమలేవిటండీ?"

రెండువేల మూడు నాటి సంగతి ఇది. రాజమండ్రిలో ఆ మోకాలి కీలు మార్పించుకున్నాను. ఆరు నెలలు గుర్రంలా నడిచాను. పది రోజుల నుంచి చిప్ప దగ్గర ఒకటే నొప్పి. దానికి తోడు ఇప్పుడీ ఊరేగింపు.

పక్కింటి సత్తియ్యగారు పరుగున వచ్చేరు. మనిషిని చూసి రోగం చెప్పేస్తారని కొత్తపేటలో ఆయన్ని ఎక్స్‌రే సత్తియ్య అంటారు. చిప్పని వేలితో నొక్కి, "గంగరాజుగారూ, మీకు షుగరుంది కదండీ? కీలు లీకై అది బయటికొస్తోందండి," అన్నారు.

నాకు చెమటలు పట్టాయి. అవి కూడా తియ్యగా ఉన్నాయేమోనని నాలిక పెట్టి చూసుకున్నాను.

మర్నాడు మా ఆవిడా నేనూ అమలాపురం వెళ్ళాం. డాక్టర్ మాణిక్యాలరావుగారు ఎక్స్‌రే తీయించేరు, రక్తం తీయించేరు, కాలు ముడిచి చూసేరు, చాపి చూసేరు.

"కీలు కదల్లేదు. చీము లేదు. తొడ కండ గట్టిగానే ఉంది. నొప్పి ఎందుకో నాకూ అంతుపట్టడం లేదండి. మోకాళ్ళ మీద గానీ ఆనుతున్నారా?"

"అబ్బెబ్బే!"

"అయితే రాజమండ్రి వెళ్ళాలి. చిప్ప వెనకాల అరిగిందేమో. మళ్ళీ కోసి చూడాల్సి రావచ్చు."

మళ్ళీ కోతా! కుర్చీ తిరిగిందో గది తిరిగిందో నాకు తెలియలేదు.

ఇంతలో ఆయన నా రెండు మోకాళ్ళూ పక్కపక్కన పెట్టి చూసేరు. "చర్మం రెండింటికీ కమిలిందేవిటండీ?"

"అంటే... రోజూ దేవుడికి మోకరిల్లుతున్నానండి."

"మనింట్లో దేవుడు మంచం కింద ఎప్పుడు వెలిశాడండీ?" అంది సూర్యావతి.

పంచె లాగి మోకాళ్ళు కప్పుకున్నాను.

ఆవిడ డాక్టరుగారి వైపు తిరిగింది. "మా తమ్ముడు ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెచ్చేడండి. ఈయనకి పడవని పెట్టె మంచం కింద గోడవారకి తోసేను. అనుమానం వచ్చి మొన్ననే అవి తీసేసి కాకరకాయ వరుగులు పెట్టేనండి."

"అబద్ధం! నిన్న కూడా పూతరేకులే ఉన్నాయి!" అని అరిచాను.

బల్ల మీద ఫ్యాను కూడా నా వైపు తిరిగి చూసింది.

"ఊఁ, చెప్పండి," అంది సూర్యావతి, నవ్వాపుకుంటూ.

"ఆయ్, నేనేనండి డాక్టరుగారూ! ఈవిడ సీరియల్లో మునగ్గానే మంచం కింద గచ్చు మీద మోకాళ్ళతో పాక్కుంటూ వెళ్ళేవాణ్ణి. చిప్పకి ఆయింటుమెంటు రాసుకుని ఉంటాను కదండీ, రాలిన పంచదార పొడంతా దానికే అంటుకున్నట్టుంది. కొయ్యకండి బాబూ! ఇంక పాకను. ఆ పెట్టె అటక మీద పెట్టించండి. ఈ కాలితో అక్కడికి మాత్రం ఎక్కలేనండి... నిచ్చెన కూడా దాచమనండి."