పదమూడో గాటు

ఒక పెద్ద అడవిలో వానకి కూడా హద్దు గీశారు. ఆ హద్దు పన్నెండు గాట్లు.

మైదానంలో వాన నీళ్లు పట్టే వెదురు బొంగు ఒకటి పాతి, అడుగు నుంచి అంచుదాకా పన్నెండు గాట్లు పెట్టారు. నీళ్లు పన్నెండు దాటితే సింహంగారి గుట్ట తలుపు అందరికీ తియ్యాలని చట్టం. బొంగుని సరిగ్గా పన్నెండో గాటు దగ్గర నరికించింది మాత్రం మంత్రి నక్క జంబయ్య. జనం గుట్టెక్కితే దొరగారి నిద్ర పాడవుతుందట!

బొంగు చూసే ఉద్యోగం చెంగల్వ అనే కుందేలుది. వానంటే ఆ పిల్లకి ప్రాణం. మొదటి చినుకు చెవి మీద పడితే, ఎవరో ముద్దుగా పేరు పెట్టి పిలిచినట్టు ఉలిక్కిపడేది.

ఆ శ్రావణంలో ఆకాశానికి చిల్లు పడింది. బొంగు నిండి పొర్లిపోతోంది. చెంగల్వ బొరియలో అమ్మ, ఇంకా కళ్లు తెరవని ఆరుగురు తమ్ముళ్లు. నీళ్లు గడప తాకాయి.

చెంగల్వ నిండిన బొంగు పీకి, బోర్లించి, మళ్లీ పాతింది. ఈసారి అయిదు గాట్లు నిండాయి. ఆ లెక్క మోదుగాకు మీద గీసుకుని పరుగెత్తింది.

"మంత్రిగారూ, పదిహేడు!"

"బొంగుకి ఎన్ని గాట్లమ్మా?"

"పన్నెండండి."

"మరి పదిహేడు ఎక్కడ కనబడింది, కల్లోనా?"

"పొర్లిపోతుంటే పారబోసి మళ్లీ కొలిచానండీ!"

"పారబోస్తే అది పారబోసిన నీళ్లవుతుంది. వానెలా అవుతుందే పిచ్చిదానా?"

పన్నెండని వేరే ఆకు మీద రాయించి, మెడలో ముద్ర తీసి గుద్ది, గుట్ట కాపలా ఎలుగు బంటన్నకి పంపించాడు.

జంబయ్య కాపురం వాగొడ్డున, చేపలకి దగ్గరగా. మధ్యాహ్నానికి వాగు ఆయన వంటింట్లోకే వచ్చింది. తడిసిన తోక ఈడ్చుకుంటూ గుట్టకి పరుగు తీశాడు.

"తలుపు తియ్యరా, బంటన్నా!"

"ఎన్ని గాట్లు దొరా?"

"కళ్లు కనబడట్లేదూ? మునిగిపోతున్నాం!"

"మునగడం నా శాఖ కాదు దొరా. ఆకు మీద పన్నెండే ఉంది. ముద్ర తమరిదే."

అప్పటికే చెంగల్వ, వాళ్లమ్మ, బుట్టలో తమ్ముళ్లు, సగం అడవి ఆ తలుపు ముందే తడుస్తున్నారు.

జంబయ్య ఆ పిల్ల వైపు తిరిగాడు. "తల్లీ చెంగల్వా, ఆ పదిహేడు ఏదమ్మా?"

చెవి వెనక దాచిన మోదుగాకు తీసింది. "పారబోసిన నీళ్లు కదండీ?"

"వానే తల్లీ! అచ్చమైన వాన!"

ఆ ఆకు మీద ముద్ర గుద్దాడు. తలుపు తెరుచుకుంది. ముందు తమ్ముళ్ల బుట్ట వెళ్లింది. ఆ తోపులాటలో జంబయ్య అందరికన్నా చివర పడ్డాడు.

ముసురు విడిచాక కొత్త బొంగు వచ్చింది. దానికీ పన్నెండే గాట్లు. కాకపోతే ఈసారి జంబయ్య దాన్ని తన గుమ్మంలోనే పాతించుకున్నాడు.

నీతి: వాన ఎంత పడిందో బొంగునడిగి లాభం లేదు, మంత్రిగారి తోక తడిసిందేమో చూడాలి.