ప్రశ్నలు తీసేసిన రోజు

ఆ ఉదయం కళ్లద్దాల కంపెనీ ఆఫీసులో అందరికీ ఒకటే పని. ఛైర్మన్ తనిఖీకి వచ్చేలోగా తలుపు కార్డులు మార్చుకోవాలి. కార్డు చూపిస్తే తప్ప ఆ భవనంలో ఏ తలుపూ తెరుచుకోదు.

కార్డులు మార్చే స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాసింది కంప్యూటర్ విభాగంలోని ప్రశ్నలమ్మ. అది ఆఫీసు పెట్టిన పేరు. ఆమె ఏ స్క్రిప్టు రాసినా అది నల్లటి తెర మీద ఆగి ప్రశ్న అడుగుతుంది. ఎవరైనా జవాబు టైపు చేస్తేనే ముందుకు కదులుతుంది. పాత కార్డు రద్దు చేయాలా? కొత్త కార్డు మీద పేరేమిటి? ఖాయమేనా?

వరస మెట్ల దాకా పాకింది. మేనేజరు వచ్చి, ఆ ప్రశ్నలన్నీ వెంటనే పీకేయమన్నాడు.

"అడక్కుండా చేసేది నేను రాయను సార్."

"చేతకాకపోతే చెప్పమ్మా, సిగ్గెందుకు."

"చేతనవును. చెయ్యను."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు ముఖం కందగడ్డ అయింది. ఆమెను లేపి తానే కుర్చీలో కూర్చున్నాడు. కాలేజీలో నేర్చిన కంప్యూటర్ ఆజ్ఞ ఒకటి అతనికి గుర్తుంది. ఎదుటి ప్రోగ్రాం ఏమడిగినా అది విసుగు లేకుండా ఇంగ్లిషు 'వై' అక్షరంతో, అంటే అవునని, జవాబిస్తూనే ఉంటుంది. దాన్ని తెచ్చి ఆమె స్క్రిప్టుకు తగిలించాడు. కార్డులు టపటపా రాలాయి. వరస చప్పట్లు కొట్టింది.

పేరు అడిగినప్పుడు అదేం చెబుతుందని ప్రశ్నలమ్మ అడిగింది. ఇవాళ్టితో నీ ప్రశ్నలు బందని అతను తేల్చేశాడు. నిజానికి పొరపాటు ఆమెదీ ఉంది. పేరేమిటంటే అవునని చెప్పేవాళ్లు ఉంటారని ఊహించక, పేరును సరిచూసే వాక్యం రాయలేదు.

అందరి కార్డుల మీదా 'వై' అనే పడింది. అకౌంట్స్ గుమాస్తా అదేదో కొత్త గ్రేడు అనుకుని మురిసిపోయాడు. స్టోర్ కీపరుకూ అదే గ్రేడని తెలియగానే నీరుగారిపోయాడు. వాచ్‌మన్‌కూ అదేనని తెలిశాక ఇద్దరూ కలిసి మేనేజరు గదికి పోట్లాటకు వెళ్లారు. మేనేజరు తన కార్డు తిప్పి చూసుకున్నాడు. దాని మీదా అదే. తెలియదనడానికి నోరు రాక, ఇక్కడ ఇక పెద్దా చిన్నా లేదని, ఇది ఛైర్మన్‌గారి కొత్త విధానమని ప్రకటించేశాడు. వాచ్‌మన్ ఆ మాట పట్టుకుని అక్కడే ఏసీ కింద కుర్చీ లాక్కున్నాడు.

ప్రశ్నలమ్మ మాత్రం కొత్త కార్డు తీసుకోలేదు.

"నా పేరు లేని కార్డు నాకెందుకు సార్? పాతదే ఉంచుకుంటా."

"అయితే పాతదీ ఉండదు, ఉద్యోగమూ ఉండదు."

అన్నంత పనీ చేశాడు. ఉద్యోగం పోయినవాళ్ల కార్డు రద్దు చేసే స్క్రిప్టు కూడా ఆమె రాసిందే. దానికీ ఆ ఆజ్ఞే తగిలించాడు. ఎవరిని తొలగించాలని స్క్రిప్టు అడిగింది. 'వై' అని జవాబు వెళ్లింది. ఖాయమేనా అని అడిగింది. మళ్లీ 'వై'. రెండు నిమిషాల్లో అమలవుతుందని తెర మీద పడింది. అంతలో కారు హారన్ మోగడంతో మేనేజరు తెర వైపు చూడకుండానే అందరినీ వెంటబెట్టుకుని స్వాగతానికి కిందికి పరుగెత్తాడు.

సొరుగు సర్దుకుంటున్న ప్రశ్నలమ్మ తెర చదివింది. సర్దడం ఆపి, తాపీగా మెట్లు దిగి అద్దాల తలుపు వెనక నిలబడింది.

బయట ఛైర్మన్‌ను పక్కన పెట్టుకుని మేనేజరు కార్డు చూపించాడు. ఎర్ర దీపం. గుమాస్తా చూపించాడు. ఎర్ర దీపం. స్టోర్ కీపరు కార్డును చొక్కాకు తుడిచి మరీ చూపించాడు. ఎండ మండిపోతోంది.

"కాస్త తలుపు తియ్యమ్మా," అన్నాడు మేనేజరు గొంతు తగ్గించి.

"నన్ను తీసేశారు కదండీ. బయటివాళ్లు ఈ తలుపు ముట్టుకోకూడదని నోటీసు అంటించింది మీరే."

ఎందుకు తీసేశారని ఛైర్మన్ అడిగాడు. వాచ్‌మన్ మొదట్నుంచీ పూసగుచ్చినట్టు చెప్పేశాడు. విన్నాక ఛైర్మన్ అద్దానికి దగ్గరగా జరిగి, నీకేం కావాలని ఆమెనే అడిగాడు.

"నా స్క్రిప్టులు అడుగుతాయండీ. జవాబు మనిషే కొట్టాలి. సరేనంటే తీస్తా."

ఛైర్మన్ చెమట తుడుచుకోకుండానే సరేనన్నాడు. ఆమె తన పాత కార్డు చూపించింది. పచ్చ దీపం వెలిగింది.

ఎంతైనా ఉద్యోగం పోయిన మనిషి షరతులు పెట్టడమేమిటని మేనేజరు గొణిగాడు. కంపెనీ కంప్యూటర్ లెక్కలో మాత్రం, 'వై' పేరున్న వాళ్లంతా పోగా, ఆ క్షణాన ఉద్యోగంలో ఉన్నది ఆమె ఒక్కతే.