చదవలేనంత అందమైన అక్షరాలు

అక్షరాలు చదవడానికే పుట్టాయని ఇంతకాలం నమ్మిన అమాయకుల్లో నేనూ ఒకణ్ణి. ఆ భ్రమ వదిలించింది మా పత్రిక కొత్త ఫాంటు. దానికి బహిరంగంగా కృతజ్ఞతలు చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

ఫాంటంటే అలాంటి ఇలాంటి ఫాంటు కాదు. నిలువు గీత నిండుగా ఉంటుంది. అడ్డగీతకొచ్చేసరికి వెంట్రుకంత సన్నబడిపోతుంది. ప్రతి గీత చివరా ఒక బుల్లి పాదం. ఆ పాదాన్నే సెరిఫ్ అంటారట. తలకట్టయితే మరీ నాజూకు, ఉందో లేదో తడిమి చూసుకోవాలి. రంగు కూడా నలుపు కాదు, పొద్దున్నే పట్టే మంచు రంగు.

దీన్ని తీర్చిదిద్దిన డిజైనర్ గారు మా ఆఫీసుకొచ్చి ఒక్క అక్షరాన్ని గోడంత చేసి చూపించారు. "చూడండి, ఊపిరి తీసుకుంటోంది" అన్నారు. మా ఎడిటర్ గారు కూడా గట్టిగా ఊపిరి తీసుకున్నారు. "చదవడానికి కాస్త..." అని నేను వెనక వరసలోంచి గొణిగాను. "చదవడం ఎవరైనా చదువుతారండీ. దీన్ని ఫీలవ్వాలి" అన్నారు డిజైనర్ గారు. నేను వెంటనే ఫీలయ్యాను.

ఇప్పుడు ఎక్కడ చూసినా ఇలాంటి అక్షరాలే. వాటివల్ల జరుగుతున్న మేలు చూడండి!

మా అపార్ట్‌మెంట్ లిఫ్టు చెడిపోతే, ఆ సంగతి మా సెక్రటరీ ఇలాంటి అక్షరాల్లోనే రాయించి తలుపుకి అంటించాడు. పై అంతస్తు పెద్దాయన దాన్ని ఎవరింట్లోనో పెళ్లి పిలుపు కాబోలనుకుని, ముచ్చటగా తలాడిస్తూ బటన్ నొక్కుతూనే ఉన్నాడు. ఆయన వెనక మేమందరం వరసకట్టాం. అంతవరకూ మాలో మాకు పలకరింపులే లేవు. లిఫ్టు రాకపోబట్టి ఒకరి మోకాళ్ల నొప్పులు ఒకరికి తెలిశాయి. లావుపాటి అక్షరాలు ఇంత స్నేహం కలపగలవా?

వీధి చివర పళ్ల డాక్టరు గారు కూడా బోర్డు మార్పించారు. నగల షాపనుకుని ఒకావిడ లోపలికెళ్లింది. ఎలాగూ వచ్చారు కదా అని ఆయన నోరు తెరవమన్నారు. చూస్తే రెండు పళ్లు పుచ్చాయి! బోర్డు చదవగలిగి ఉంటే ఆ తల్లి జన్మలో ఆ గుమ్మం తొక్కేదా?

కాఫీ షాపు మెనూలో అన్నిటికంటే అందంగా ఉన్న వరస మీద వేలు పెట్టి, అది తెమ్మన్నాను. "సార్, అది మా అడ్రసు" అన్నాడు వెయిటర్. వినయంగానే అన్నాడు.

ఇక నా సొంత లాభం సంగతి. నా కాలమ్ కూడా ఈ అక్షరాల్లోకి మారింది. నా ఫొటో తెల్లటి ఖాళీని పాడుచేస్తోందని డిజైనర్ గారు దాన్ని పీకేశారు. ఆయన కళాదృష్టిని నేను కాదనలేకపోయాను. ఆ ఆదివారం నుంచి మా పెద్దక్క ఫోన్ రావడం మానేసింది.

మా అక్క రిటైరైన నర్సు. నేను కాలమ్ రాయడం మొదలుపెట్టినప్పటి నుంచీ ప్రతి ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి విమర్శించడం ఆమె అలవాటు. విమర్శ కూడా ఇంజెక్షన్ పద్ధతిలోనే ఉంటుంది. ముందు "బావుందిరా" అని దూదితో తుడుస్తుంది. తర్వాత సూది దించుతుంది. ఆ పోటు లేని ఆదివారాలు ఎంత హాయో! కాఫీ చల్లారకుండా తాగాను. ఫోన్ పక్కనే పెట్టుకుని తాగాను, అది వేరే సంగతి.

చివరికి ఉండబట్టలేక నేనే వాళ్లింటికి వెళ్లాను. నన్ను చూడగానే అక్క కుర్చీలో దుమ్ము దులిపింది. నాకెప్పుడూ జరగని మర్యాద.

"బాధపడకురా. నీ కాలమ్ తీసేసినట్టున్నారు, చూశాను. అడిగితే ఏడుస్తావేమోనని ఫోన్ చెయ్యలేదు" అంది. "చిన్నప్పుడు బొమ్మలు బాగా వేసేవాడివి. అదేమైనా చూసుకో."

"తియ్యలేదక్కా. అదిగో, అక్కడే ఉంది."

అక్క పేపరు తీసుకుని కిటికీ దగ్గరికి నడిచింది. దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"ఇదా? సెంటు కంపెనీ ప్రకటనేమో అనుకున్నాను. వాసన కూడా చూశాన్రా."

నేనే చదివి వినిపించాను. అక్క చివరిదాకా విని "బావుంది" అంది. సూది కోసం ఎదురుచూశాను. రాలేదు.

"నోటితో చదివి వినిపించేవాణ్ణి మొహం మీద ఎలా తిట్టనురా? మొహమాటం కాదూ" అంది.

కాబట్టి పాఠకులారా, ఈ అక్షరాలు చల్లగా ఉండాలి. ఇంటింటా పాదం మోపాలి. నేను మాత్రం పేజీలు పెట్టే ఆయన్ని బతిమాలుకుని, కింది ఒక్క పేరా పాత లావు అక్షరాల్లో వేయించుకుంటున్నాను. ఎడిటర్ గారికి తెలియదు. ఆయన మన కాలమ్‌ని ఫీలవుతారే గానీ చదవరు.

అక్కా, నేనే. ఉద్యోగం ఉంది. పైన రాసిందంతా కొత్త అక్షరాల పొగడ్తే, నువ్వు చదవలేకపోయినా నష్టం లేదు. ఈ పేరాలోనే తప్పులు వెతుక్కుని, పొద్దున్నే ఫోన్ చెయ్యి. దూది అక్కర్లేదు.