అచ్చయిపోయిన దుంగలు

సోమవారం ఉదయం ప్రూఫులాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా చెక్కపని చేసే మేస్త్రమ్మ వస్తుంది, పెరట్లో ఉన్న పద్నాలుగు దుంగలకూ బెరడు ఒలుస్తుంది, సాయంత్రం ఆయన వాటికి మందునీళ్లు కొడతాడు. శుక్రవారం మేస్త్రమ్మ మళ్లీ వచ్చి ఆ దుంగలతో గది లేపుతుంది. మధ్యలో నాలుగు రోజులు వాటి మీద మరక పడకుండా చూసుకుంటే చాలు. మరక పడకుండా చూడటంలో ఆయన్ని మించిన మనిషి ఆ చుట్టుపక్కల లేడు. ముప్ఫై ఎనిమిదేళ్లు అచ్చాఫీసులో పనిచేశాడు. మొదట్లో సీసం అక్షరాలు పేర్చాడు, తర్వాత రిటైరయ్యేదాకా ప్రూఫులు దిద్దాడు. అన్నం తింటూ కూడా పొట్లం కట్టిన కాగితంలో తప్పులు వెతికే రకం.

గది ఆయన భార్య కోసం. ఆవిడ బట్టలు కుడుతుంది. పాతికేళ్లుగా ఆవిడ మిషను వంటింటి మూల, బియ్యం డబ్బాకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉంది. ఈ మధ్య చూపు మందగించింది. ముదురు రంగు బట్ట మీద కుట్టు కనపడటం లేదు. కళ్ల డాక్టరు అద్దాలు మార్చి, "వెలుతురు బాగా ఉండే చోట కూర్చోండమ్మా, గోడలు తెల్లగా ఉంటే మరీ మంచిది" అన్నాడు. ఆవిడ ఇంటికొచ్చి భర్తతో ఒకటే మాట చెప్పింది. "వానలు మొదలయ్యేలోపు గది లేస్తే సరే. లేదంటే మిషను ఎవరికైనా ఇచ్చేస్తాను. సూదిలోకి దారం ఎక్కించమని ఇంకొకళ్లని బతిమాలే కుట్టు నాకొద్దు."

ఆవిడ ఉత్తుత్తి బెదిరింపులు చేసే మనిషి కాదు. అందుకే ప్రూఫులాయన తెల్ల చెక్క కావాలని ఊరంతా గాలించి, మేస్త్రమ్మని పట్టుకున్నాడు. ఆవిడది పనిలో గట్టి చెయ్యి, మాటలో పొదుపు. "శుక్రవారం వస్తాను. చెక్క శుభ్రంగా ఉంటే ఎక్కిస్తాను. పాడై ఉంటే వేరే పనికి వెళ్లిపోతాను, ఇక మీ వంతు వానలు వెలిశాకే" అని ముందే చెప్పింది.

రెండు వైపులా పిడులున్న కత్తిని మేస్త్రమ్మ మొదటి దుంగ మీద ఆనించి తన వైపు లాగింది. మొరటు బెరడు పొడుగాటి పట్టీలా ఊడి వచ్చింది. దాని కింద నుంచి బయటపడ్డ చెక్కని చూసి ప్రూఫులాయన చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది. మీగడ రంగు. తడితడిగా, నున్నగా, ఎండ తగలగానే లోపల దీపం పెట్టినట్టు మెరిసింది. ఎన్నో ఏళ్లుగా ఎవరి కంటా పడని చెక్క అది. దాన్ని మొట్టమొదట చూస్తున్నది తామే అన్న ఆలోచన రాగానే ఆయనకి ఒళ్లు ఝల్లుమంది.

"ఎంత తెల్లగా ఉందే!" అన్నాడు భార్యతో.

"ముట్టుకుని చూడండి, చల్లగా ఉంది" అందావిడ. అని తను కూడా అరచెయ్యి ఆనించి, కాసేపు తీయలేదు. చేతికి జిగురు అంటింది. ఆ జిగురుని వాసన చూసుకుని నవ్వింది. ఆవిడ అలా నవ్వి చాలా రోజులైంది.

మధ్యాహ్నానికి పద్నాలుగూ ఒలిచేసి మేస్త్రమ్మ చేతులు కడుక్కుంది. "రాసుకోండి సార్" అంది. ప్రూఫులాయన రాసుకున్నాడు. పురుగూ బూజూ పట్టకుండా బోరాక్స్ మందునీళ్లు ఇవాళే అన్ని పక్కలా కొట్టాలి. దుంగలు నేలకి తగలకూడదు. ఒకదానికొకటి ఆనకుండా మధ్యలో సన్న బద్దలు పెట్టాలి. కోసిన చివరలకి మైనం పూయాలి. పైన కప్పాలి, పక్కలు వదిలేయాలి. చెప్పడం అవగానే ఆవిడ బండెక్కి వెళ్లిపోయింది.

అలా వదిలేస్తే కథే లేదు. కానీ రాసిన కాగితం చేతికొస్తే దిద్దకుండా ఊరుకోవడం ఆయన వల్ల అయ్యే పని కాదు. అరుగు మీద కూర్చుని రెండుసార్లు చదివాడు. 'పైన కప్పాలి, పక్కలు వదిలేయాలి' దగ్గర ఆగాడు. కప్పమంటూనే వదిలేయమనడం ఏమిటి? వాన పక్కనుంచి కొట్టదా? పాపం, చదువుకోని మనిషి, తొందరలో పొరపాటు పడి ఉంటుంది. 'పక్కలు వదిలేయాలి' కొట్టేసి, 'పక్కలు కూడా' అని రాశాడు. ఆ తర్వాత బద్దల దగ్గర ఆగాడు. ఇంత మెత్తటి చెక్క మీద బద్ద నొక్కుకుంటే గాటు పడదూ? 'బద్దలు' కొట్టేసి 'మెత్తటి కాగితం' అని రాశాడు. దిద్దిన కాగితం చూసుకుంటే ఆయనకి కడుపు నిండింది.

మెత్తటి కాగితానికి కొదవ లేదు. అటక మీద ముప్ఫై ఎనిమిదేళ్ల ప్రూఫులు కట్టలు కట్టలుగా ఉన్నాయి. వాటిని పారేయమని భార్య పోరుతూనే ఉంది, ఆయన దాచుకుంటూనే ఉన్నాడు. మందునీళ్లు కొట్టి, ఇటుకల మీద దుంగలు పేర్చి, తడి ఆరకుండానే ఒక్కో దుంగకీ తల నుంచి కాళ్ల దాకా ప్రూఫులు చుట్టాడు. చెక్క జిగురుకి కాగితం తనంతట తానే అంటుకుపోతోంది. "చూశావా, దారం కూడా అక్కర్లేదు" అని మురిసిపోయాడు.

సాయంత్రం బావమరిది వచ్చాడు. పెళ్లిళ్లకీ సభలకీ టెంట్లు వేసే మనిషి. ఇంట్లో ఎవరికి ఏ కష్టం వచ్చినా అతని దగ్గరున్న మందు టార్పాలిన్ ఒకటే.

"బావగారూ, కాగితం మీద చినుకు పడితే నానిపోతుంది. నా దగ్గర మంచి పట్టా ఉంది. చీమ కూడా దూరదు."

"గాలి?"

"గాలి అసలు దూరదు."

"అయితే తెచ్చెయ్" అన్నాడు ప్రూఫులాయన.

పట్టా కప్పి, చుట్టూ తాళ్లు బిగించి, మోకాలితో నొక్కి మరీ ముడులు వేశారు. మంగళవారం పొద్దున ఒక అంచు ఎత్తి చూస్తే లోపల వైపంతా నీటి బొట్లు. ప్రూఫులాయన బావమరిదికి కబురు పెట్టాడు.

"చెమట బావగారూ!" అన్నాడు బావమరిది. "ఎక్కడో సందుండి ఉంటుంది. ఎండ వేడి లోపలికి పోతోంది. ఇంకో పట్టా వేద్దాం."

రెండో పట్టా వేశారు. బుధవారం ఇంకా ఎక్కువ నీళ్లు. మూడోది వేశారు. బుధవారం మధ్యాహ్నానికి పెరట్లోంచి తడిసిన మడత బట్టల వాసన లేచి గోడ దాటింది. గోడ అవతల నర్సు ఉంటుంది. డ్యూటీ దిగి వచ్చి నిద్రకి ఉపక్రమించిన మనిషి ముక్కు మూసుకుని వచ్చేసింది.

"అన్నయ్యగారూ, ఏంటిది? లోపలేముంది?"

"దుంగలమ్మా. ఇప్పుడే ఒలిచినవి. పాడవకుండా కట్టాం."

"తడిగా ఉండగానే కట్టేశారా?"

"అవును."

"ఎన్నాళ్లైంది?"

"రెండ్రోజులు."

"పచ్చి పుండు మీద గాలి ఆడకుండా కట్టు కట్టి, అది తడిస్తే దాని మీద ఇంకో కట్టు, ఇంకో కట్టు! మా వార్డులో ఇలా చేస్తే నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు. విప్పండి ముందు!"

విప్పారు. మూడు పట్టాలూ తీసేసరికి ఆవిరి గుప్పుమంది. కాగితం మాత్రం ఊడలేదు. లాగితే చిరిగి ముక్కలు చేతికొస్తున్నాయి, తక్కింది చెక్కకి చర్మంలా అతుక్కుని ఉంది. మధ్యమధ్యలో ఆకుపచ్చ బూజు చుక్కలు. ప్రూఫులాయన భార్య వచ్చి చూసి, వంటింట్లోకి వెళ్లి మిషను మీద గుడ్డ కప్పింది. ఆ గుడ్డ కప్పడం ఆయన కిటికీలోంచి చూశాడు. ఆవిడ నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

"వేడినీళ్లు, సబ్బు!" అని అరిచాడు. ఆ సాయంత్రమంతా, గురువారం కూడా, ఆయనా బావమరిదీ దుంగల మీద సబ్బునీళ్లు పోసి అరచేతులతో రుద్దారు. కాగితం నాని, పిండి ముద్దల్లా ఉండలు కట్టి రాలిపోయింది. అది పోతోందని సంబరపడుతూ ఇంకా రుద్దారు. రుద్దిన కొద్దీ కాగితం పోయింది గానీ, దాని మీదున్న అచ్చు పోలేదు. అచ్చంతా చెక్కలోకి దిగిపోయింది.

గురువారం మధ్యాహ్నం కడగడం పూర్తయ్యాక ఇద్దరూ వెనక్కి జరిగి చూశారు. బావమరిది చేతిలో సబ్బు జారి పడింది.

పన్నెండు అడుగుల మీగడ రంగు చెక్క మీద, ఈ చివర నుంచి ఆ చివర దాకా, నల్లటి సన్నటి అక్షరాలు. వరస తప్పకుండా, చెక్క గీతల వెంట పారుతున్నట్టు, గుండ్రంగా చుట్టుకుని వెనక్కి వెళ్లిపోతున్నాయి. అన్నీ తిరగబడి, అద్దంలో చూసినట్టున్నాయి. అక్కడక్కడ ఎర్ర సిరాతో ఆయన దిద్దిన గుర్తులు కూడా దిగాయి. అలాంటివి పద్నాలుగు. చూడకూడనిదేదో చూస్తున్నట్టు, మళ్లీ వచ్చిన నర్సు చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏం రాసుందండీ?" అంది మెల్లగా.

తిరగబడ్డ అక్షరాలు చదవడం ప్రూఫులాయనకి చిన్నప్పటి విద్య. సీసం అక్షరాలు పేర్చేవాళ్లంతా అలాగే చదువుతారు. కళ్లద్దాలు సర్దుకుని దుంగ మీదకి వంగాడు. "విత్తనాలు చల్లే ముందు నేలని..." అని చదివాడు. పక్కకి జరిగాడు. "మూడో తరగతి. పాఠం ఏడు. నది ఎక్కడ పుడుతుంది?" ఇంకొంచెం జరిగాడు. "నర్సింగు శిక్షణలో ఉత్తీర్ణులైనవారి జాబితా..."

"ఏ సంవత్సరం?" అంది నర్సు. ఆయన సంవత్సరం చెప్పాడు. ఆవిడ ఇంటికి పరుగెత్తి చేతి అద్దం పట్టుకొచ్చి దుంగ ముందు కూర్చుంది. కాసేపటికి కళ్లు తుడుచుకుంటూ లేచింది. పేరు దొరికింది.

ఆ సంగతి సాయంత్రానికి వీధంతా పాకింది. ముప్ఫై ఎనిమిదేళ్లు ఆ చుట్టుపక్కల అచ్చయిన ప్రతిదీ ఆయన చేతుల మీదుగా పోయినదే. గడ్డం గీసుకునే అద్దాలు, గోడకి తగిలించే అద్దాలు, బండి నుంచి ఊడబీకిన అద్దాలు పట్టుకుని జనం వచ్చారు. ఒకాయనకి తన పెళ్లి శుభలేఖ దొరికింది. ఒకావిడకి తను చదువుకున్న పాఠం దొరికితే, బడిలోలాగా నిలబడి పైకి చదివింది. ఎవరికి వారే నోరు తెరుచుకుని చూస్తున్నారు, పక్కవాళ్లని పిలిచి చూపిస్తున్నారు. ప్రూఫులాయనొక్కడే అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. ఆయనకి కనపడుతున్నది ఒకటే, గుడ్డ కప్పిన మిషను.

శుక్రవారం పొద్దున మేస్త్రమ్మ బండి దిగింది. జనాన్ని తప్పించుకుని దుంగల దగ్గరికి వెళ్లింది. చూసింది. చుట్టూ ఒకసారి తిరిగింది. అరచేత్తో ఒక వరసని తడిమింది.

"ఇరవై ఏళ్లుగా చెక్కలు చూస్తున్నాను. చెక్క చదువుకోవడం ఇదే చూడటం" అంది. తర్వాత ఆయన వైపు తిరిగింది. "పైన కప్పి పక్కలు వదిలేయమన్నాను కదా సార్?"

"తప్పనుకుని... దిద్దానమ్మా."

"బద్దలు?"

"అవీ దిద్దాను."

మేస్త్రమ్మ పిడుల కత్తి తీసి ఒక బూజు చుక్క మీద ఆనించి కాగితమంత పల్చటి పొర లాగింది. కింద మళ్లీ అదే మీగడ రంగు, అదే మెరుపు.

"మందు కొట్టారు కాబట్టి బతికిపోయారు. లోపలికి దిగలేదు" అంది. "ఎలాగూ ఎక్కించే ముందు ఇలా ఒక పొర తీస్తాను."

"తీస్తారా? ముందే చెప్పలేదేమ్మా?"

"చెబితే అదీ దిద్దేవారు కదా సార్."

ప్రూఫులాయన భార్య అప్పుడే వంటింట్లోంచి వచ్చింది. తెల్లగా బయటపడ్డ ఆ చారెడు చెక్కనీ, చుట్టూ అద్దాలు పట్టుకున్న జనాన్నీ చూసింది. నర్సు ఆవిడ చెయ్యి పట్టుకుని, "వదినా, అంతా చెక్కేస్తారా?" అంది దీనంగా.

ఆవిడ ఆ చారెడు చెక్క మీద అరచెయ్యి ఆనించింది. "మేస్త్రమ్మా, లోపలి వైపు చెక్కెయ్. బయటి వైపు ముట్టుకోకు. బూజు మాత్రం తుడిచెయ్" అంది. ఆ తర్వాత, తన మాట కోసం బుధవారం నుంచి ఎదురుచూస్తున్న భర్త వైపు తిరిగి, మొదటిసారి ఆయనతో నోరు విప్పింది. "అటక ఖాళీ అయింది. అది చాలు నాకు."

వానలు ఇంకా ఎనిమిది రోజులున్నాయనగా గది లేచింది. అక్షరాలు తడవకుండా చూరు రెండడుగులు బయటికి పెట్టి, గోడకి రంగులేని నూనె పూశారు. ఆవిడ మిషను మీద గుడ్డ తీసి, కొత్త గదిలో కిటికీ పక్కన పెట్టించుకుంది. పొద్దున ఎండ నాలుగు తెల్ల గోడలకీ తగిలి గది మధ్యలో కుప్ప పోసినట్టుంది. ఆవిడ సూది ఎత్తి పట్టుకుంది. నల్లదారం కొస తడిపింది. ప్రూఫులాయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. సాయం చెయ్యనా అని అడగబోయి నాలుక కరుచుకున్నాడు. దారం ఒక్కసారికే ఎక్కింది. ఆవిడ తలెత్తి ఆయన్ని చూసింది. ముప్ఫై ఎనిమిదేళ్లలో ఏ పేజీ చూసీ ఆయనకి అలా కళ్లు చెమర్చలేదు.

సరిగ్గా అప్పుడే బయట గోడ చదివే పన్నెండు మంది అద్దాలు తిప్పేసరికి, పన్నెండు ఎండలు ఒక్కసారి కిటికీలోంచి దూసుకొచ్చి ఆవిడ మొహాన పడ్డాయి.

ఆ తెల్లటి గదిలో ఆవిడ కుట్టిన మొదటి బట్ట, దళసరి నల్ల గుడ్డతో కిటికీ తెర.